టక్కుమన్నాక ఇంకో రెండు లీటర్లు

సొంత అల్లుడికి పెట్రోలు బంకు ఉండగా, అత్తగారు సరిహద్దు దాటి పక్క దేశంలో ట్యాంకు నింపుకురావడం పాపమా కాదా? ఈ ప్రశ్న పొలిక్సేని తనని తాను నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వేసుకోలేదు. వేసుకుంటే జవాబు చెప్పాలి కదా. జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు వేసుకునే రకం కాదావిడ.

సరిహద్దు పక్కనే ఉన్న ఫ్లోరినా పట్నంలో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. డెబ్బై దాటాయి. మనిషి పొట్టి, నోరు మాత్రం గట్టిది. మొగుడు లాజరోస్ చనిపోయిన ఏడు, తన నలభై నాలుగో ఏట, పాడిమీదున్న రెండు ఆవుల్ని అమ్మేసి నీలం రంగు కారు ఒకటి కొంది. ఫ్లోరినా పైన కొండమీది ఊరు వాళ్ళది. ఆ ఊళ్ళో అప్పటిదాకా ఏ ఆడదీ స్టీరింగు పట్టిన పాపాన పోలేదు. "ఆవు పాలిస్తుంది, దూడనిస్తుంది. కారేమిస్తుందే నీకు?" అని ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. "మీ మొహాలు చూడకుండా పోయే వీలిస్తుంది" అందావిడ. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి పక్కన కూర్చున్న అధికారి చెమటలు తుడుచుకుంటూ, "నువ్వు పాసయ్యావు తల్లీ, నన్నిక్కడే దింపెయ్" అన్నాట్ట. ఇది ఆవిడే చెప్పుకుంటుంది కాబట్టి సగం నమ్మితే చాలు.

ఆ కారు తుప్పు పట్టిపోతే ఇంకోటి కొంది, అదీ నీలందే, అదీ పాతదే. ఆ రెండోదానికిప్పుడు ఇరవై ఏళ్ళు. ఊరికి బస్సు వారానికి రెండుసార్లు వస్తుంది, వస్తే. సంతకి వెళ్ళాలన్నా, మోకాళ్ళ మందులు తెచ్చుకోవాలన్నా, శనివారం స్నేహితురాళ్ళతో పేకాడి వాళ్ళని ఓడించి రావాలన్నా ఆ కారే దిక్కు. "ఇదీ ఒకటే, నా కాళ్ళూ ఒకటే. ఇదే కాస్త నయం, నొప్పులు లేవు" అంటుంది.

ఇక అల్లుడు స్తెర్యోస్ సంగతి. ఫ్లోరినా దాటాక సరిహద్దుకి పోయే రోడ్డు మీద అతని బంకు. పాపం, చోటు చూసి కట్టుకున్నాడు గానీ కాలం చూసి కట్టుకోలేదు. అక్కణ్ణుంచి అరగంట పోతే బితోలా. వేరే దేశం, వేరే పన్నులు, పెట్రోలు చవక. ఫ్లోరినాలో చర్చికి వెళ్ళనివాళ్ళు ఉంటారేమో గానీ బితోలా వెళ్ళనివాళ్ళు లేరు. అందరూ స్తెర్యోస్ బంకు ముందునుంచే పోతారు. పోతూ పోతూ హారన్ కొట్టి చెయ్యి కూడా ఊపుతారు, సిగ్గులేని జనం! అతనూ తిరిగి చెయ్యి ఊపుతాడు. ఏం చేస్తాడు మరి, రాళ్ళేస్తాడా?

పొలిక్సేని పద్ధతి వేరు. సోమవారం పొద్దున్నే, నలుగురూ చూసే వేళకి బంకులో కారాపి, "పది యూరోలకి పొయ్యి నాయనా" అని వీధి చివరిదాకా వినపడేట్టు అంటుంది. గురువారం మళ్ళీ వచ్చి ఆగుతుంది. ఈసారి పెట్రోలు కోసం కాదు. "మఠానికెళ్ళి మీ మామగారి పేర దీపం పెట్టొస్తా" అని చెప్పడానికి. మఠం దారి బంకు దాటాక ఎడమవైపు చీలుతుంది. స్తెర్యోస్ గబగబా లోపలికెళ్ళి ఆలివ్ నూనె సీసా ఒకటి తెచ్చి, "ఇదిగో అత్తయ్యా, నా పేర కూడా ఓ దీపం" అని పక్క సీట్లో పెడతాడు. ఆ తర్వాత కారు ఎడమకి తిరగదు. తిన్నగా బితోలాకే పోతుంది. నూనె సీసా మాత్రం ఇంటికొచ్చి మిరపకాయల్లోకి పోతుంది. పొలిక్సేని కాల్చి నూనెలో ఊరేసే ఎర్ర మిరపకాయలకి ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. అల్లుడు రొట్టెతో అద్దుకుని లొట్టలేస్తూ తింటాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే. ఈ పిల్లి నాలుగేళ్ళు తాగింది.

బితోలాలో పెట్రోలు పోయించుకోవడంలో ఒక విద్య ఉంది. ట్యాంకు నిండగానే పంపు టక్కుమని ఆగిపోతుంది కదా, తెలివితక్కువవాళ్ళు అక్కడితో డబ్బులిచ్చి వచ్చేస్తారు. ఫ్లోరినా మనిషి రాడు. అంతదూరం వచ్చి, సరిహద్దులో పోలీసుకి మొహం చూపించి, టక్కు దగ్గర ఆగిపోతే పూర్వీకులు క్షమించరు. కారు వెనక్కి వెళ్ళి, తుంటి ఆనించి, ఊపుతాడు. లోపల ఇరుక్కున్న గాలి గుడగుడమని పైకొస్తుంది, పెట్రోలు కాస్త కిందికి దిగుతుంది, ఇంకాస్త పోయిస్తాడు. మళ్ళీ ఊపుతాడు. మూతి దగ్గర పెట్రోలు కంటికి మెరిసేదాకా ఇదే వరస. గురువారాల్లో మన కార్లన్నీ అక్కడ వరసగా ఊగుతుంటే పెళ్ళిలో బామ్మలు చేతులు పట్టుకుని ఆడుతున్నట్టు ఉంటుంది. ఆ ఊపడంలో పొలిక్సేనిని మించినవాళ్ళు లేరు. రెండు ఊపులు, కాస్త ఆగి, ఇంకో ఊపు. చర్చిలో పావుగంట నిలబడితే పట్టేసే మోకాళ్ళు అక్కడ చక్కగా పనిచేసేవి. టక్కుమన్నాక ఇంకో రెండు లీటర్లు పట్టించేది. ఆ రెండు లీటర్ల సంతోషం ముందు మొదటి నలభై దండగ.

కంపు మొదలైంది ఆగస్టులో. గురువారం సాయంత్రం ఆమె కారుని ఇంటిముందు, పడమటి ఎండలో పెట్టింది. కాసేపటికి గుప్పుమని పెట్రోలు వాసన. శనివారానికి మాయం. సరే, ఏదో గాలికొచ్చింది అనుకుంది. మళ్ళీ గురువారం మళ్ళీ గుప్పు. ఆ మర్నాడు పొద్దున్నే కూతురు ఆంథూలా, అదే స్తెర్యోస్ పెళ్ళాం, వచ్చింది. ఆంథూలా నర్సు. కాలిన ఒళ్ళు ఎలా ఉంటుందో కళ్ళారా చూసిన మనిషి.

"అమ్మా, ఏంటీ కంపు?"

"ఏ కంపు?"

"పెట్రోలు!"

"ఓ, అదా. ఎదురింటివాళ్ళు కిటికీలకి రంగేస్తున్నారు."

"ఎదురింట్లో మనుషులెక్కడున్నారమ్మా? పన్నెండేళ్ళుగా తాళం."

పొలిక్సేని వెంటనే మిరపకాయల గురించి మాట్లాడింది. కానీ ఆంథూలా కూడా ఆ కడుపున పుట్టిందే కదా. వంగి కారు కింద చూసింది, వేలితో తడిమింది, వాసన చూసింది. వెనక కుడి చక్రం దగ్గర నేల తడిగా ఉంది.

"థ్రాసోస్‌కి చూపించు. ఇవాళే" అంది.

థ్రాసోస్ మెకానిక్కు. స్తెర్యోస్ బంకు వెనకే అతని షెడ్డు. యాభై ఏళ్ళవాడు. సిగరెట్టు మానేసి ఎనిమిదేళ్ళయినా చెవి మీద ఒకటి పెట్టుకునే తిరుగుతాడు. పొలిక్సేని కారు పట్టుకెళ్ళింది. ఎప్పుడు? మంగళవారం. అప్పటికి ట్యాంకు సగమైంది, కారు కింద చుక్క లేదు. థ్రాసోస్ కింద పడుకుని చూశాడు, పైనుంచి చూశాడు. ఏమీ లేదు. అనుమానం మీద ఫిల్టరు మార్చాడు. ఆ గురువారం మళ్ళీ కంపు. తర్వాతి మంగళవారం పెట్రోలు వెళ్ళే పైపు మార్చాడు. గురువారం కంపు. ఆ పై వారం ట్యాంకులో మోటారు కింద ఉండే రబ్బరు వాషరు మార్చాడు. గురువారం కంపు.

"గురువారం వస్తుంది, శుక్రవారం ఉంటుంది, శనివారం పోతుంది. పిన్నీ, ఇదేం రోగం?" అని తల గోక్కున్నాడు.

"నాకేం తెలుసురా. భక్తి గల కారేమో."

"భక్తి గలదైతే శుక్రవారం ఉపవాసం ఉండాలి గానీ తాగి కక్కుకోవడమేంటి?"

వాషరు మార్చాక కూడా కంపు కొట్టేసరికి ఆ మర్నాడు ఆంథూలా తేల్చి చెప్పేసింది. అరవలేదు, అదే భయం. అరిచే కూతురిని అమ్మ లొంగదీసుకోవచ్చు, నెమ్మదిగా మాట్లాడే కూతురిని ఏం చేస్తాం? "వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా థ్రాసోస్ నాకు కాగితం రాసివ్వాలి. దోషం ఫలానా, బాగుచేశాను అని. లేదంటే శనివారం పాత ఇనుము కొనేవాడు వస్తాడు. మాట్లాడేశాను."

ఆ వారం పొలిక్సేనికి ముద్ద దిగలేదు. కారు పోతే ఇక ఆ కొండమీద కిటికీ పక్కన కూర్చుని, బస్సు వస్తుందా రాదా అని ఎదురుచూస్తూ, ఎవరైనా దయతలచి సంతకి తీసుకెళ్తారా అని అడుక్కుంటూ బతకాలి. తను! రెండావుల్ని అమ్మి స్టీరింగు పట్టిన మనిషి! తలుచుకుంటే ఒళ్ళు మండింది, తర్వాత భయమేసింది. ఆ భయంతోనే ఆ గురువారం బితోలా వెళ్ళలేదు. వెళ్ళలేదు కాబట్టి కారు కారలేదు. కారలేదు కాబట్టి థ్రాసోస్‌కి దోషం దొరకలేదు. చూశారా తిప్పలు! తప్పు చేస్తే గానీ తప్పించుకునే దారి లేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి థ్రాసోస్ చేతులు తుడుచుకుంటూ షెడ్డులోంచి వచ్చాడు. "నావల్ల కాలేదు పిన్నీ. కాగితం మీద ఏం రాయను?"

"ఏదో ఒకటి రాయరా. నీ చేతి రాత ఎవరికర్థమవుతుంది?"

"రాస్తాను. రేపు నువ్వు కాలిపోతే, ఎల్లుండి నీ కూతురు నన్ను కాలుస్తుంది." చెవి మీది సిగరెట్టు సర్దుకున్నాడు. "సరే, గురువారాలు నువ్వెళ్ళేది మఠానికేగా? ఆ ఎత్తు ఎక్కేటప్పుడే ఎక్కడో వదులవుతూ ఉండాలి. పద, ఇప్పుడే ఎక్కి చూద్దాం."

పొలిక్సేని మోకాళ్ళు నిమురుకుంది. వద్దు అంటే ఎందుకొద్దంటాడు. "మోకాళ్ళు..." అంది.

"మోకాళ్ళతో పనేముంది, నడిపేది నేను."

ఎక్కారు. కొండ ఎక్కినంతసేపూ థ్రాసోస్ కిటికీలోంచి మూతి బయటపెట్టి వాసన చూస్తూనే ఉన్నాడు. పైన్ చెట్ల వాసన తప్ప ఏమీ రాలేదు. మఠం ముందు ఆపాడు. వాకిట్లో సన్యాసిని మకరియమ్మ ముక్కాలిపీట వేసుకుని పెద్ద చిక్కుడుగింజలు వొలుస్తోంది. కారు చూడగానే లేచి నిలబడింది.

"పొలిక్సేనీ! బతికే ఉన్నావా? ఈస్టరుకి చూశాం నిన్ను, మళ్ళీ ఇదే చూడ్డం. పాపం మీ లాజరోస్ దీపం నూనె లేక ఎప్పుడో కొండెక్కింది."

దొంగకి తేలు కుట్టినట్టయింది పొలిక్సేనికి. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. గబగబా శిలువ గుర్తు వేసుకుని, "వచ్చేవారం తెస్తానమ్మా, గాలన్లు గాలన్లు తెస్తా" అంది. థ్రాసోస్ కారు తిప్పాడు. రెండు మలుపులు దిగాక రోడ్డు పక్కన ఆపి ఇంజను కట్టేశాడు.

"ప్రతి గురువారం స్తెర్యోస్ నీకు నూనె సీసా ఇవ్వడం నా షెడ్డులోంచి నేను చూస్తూనే ఉన్నాను. మఠానికి రావు. మరి ఎక్కడికెళ్తావు పిన్నీ?"

"గాలికి తిరుగుతాను."

"పిన్నీ. డాక్టరు దగ్గరా మెకానిక్కు దగ్గరా దాచితే ప్రాణం మీదికొస్తుంది. సాయంత్రం ఆరింటికి నీ కారు పోతుంది."

పొలిక్సేని ఒళ్ళో చేతులు చూసుకుంది. "బితోలా" అంది, వాటితో చెప్పుకుంటున్నట్టు.

థ్రాసోస్ ముందు నోరు తెరిచాడు, తర్వాత నవ్వాడు, ఎంత నవ్వాడంటే చెవి మీది సిగరెట్టు జారి గేరు దగ్గర పడింది. "బంకువాడి అత్తగారు! నిండా పోయిస్తావా?"

"నిండా."

"ఊపుతావా?"

పొలిక్సేని కిటికీలోంచి పైన్ చెట్లకేసి చూసింది.

"ఊపుతావా లేదా?"

"ఊపకుండా ఎలా వస్తానురా? అంత దూరం వెళ్ళి!"

"మేరీమాతా!" థ్రాసోస్ నుదురు కొట్టుకున్నాడు. "ఫిల్టరు మార్చాను, పైపు మార్చాను, వాషరు మార్చాను. నెలరోజులు నన్ను గాడిదను చేశావు కదా! నేల కింది ట్యాంకులోంచి చల్లగా వచ్చిన పెట్రోలు అది. మూతిదాకా పోసి ఎండలో పెడితే ఏమవుతుంది? పాలు పొంగినట్టు పొంగుతుంది. పొంగడానికి చోటుండాలనే పంపు టక్కుమని ఆగేది. ఆ చోటు కూడా నువ్వు నింపేస్తే అది ఎక్కడికి పోతుంది? పైన ఏది పగిలుంటే అందులోంచి కారుతుంది. మట్టం కాస్త దిగగానే ఆగిపోతుంది."

"అయితే తెలిసిపోయిందిగా. రాసెయ్ కాగితం."

"ఏం తెలిసింది? ఎక్కడ పగిలిందో తెలియొద్దూ? పైన గాలి పోయే రబ్బరు గొట్టమైతే ఇరవై నిమిషాల పని. ట్యాంకు అతుకే విడిపోయుంటే ఇక పాత ఇనుమే, నీ కూతురు చెప్పిందే నిజం. నిండా నింపి, కారనిచ్చి, కళ్ళతో చూస్తే గానీ నేను సంతకం పెట్టను."

"డబ్బాతో తెచ్చి నీ షెడ్డులో పోసి చూడు."

"వెల్డింగు పెట్టుకున్న షెడ్డులోనా? ఇద్దరికీ ఒకే గోతిలో సరిపెట్టేద్దామనా?"

అప్పటికి నాలుగున్నర. బితోలా వెళ్ళిరావడానికి వేళ లేదు, శుక్రవారం సాయంత్రం సరిహద్దులో కార్ల బారు ఎంతుంటుందో అందరికీ తెలిసిందే. ఉన్నది ఒక్కటే పంపు. అది అల్లుడిది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో పొలిక్సేనికి ఆ కొండ దిగుతుండగా బాగా తెలిసొచ్చింది.

"నిండా పొయ్యి" అని అత్తగారు అనగానే స్తెర్యోస్ మొహం వెలిగిపోయింది. "నిండానా? ఏంటి అత్తయ్యా విశేషం? లాటరీ తగిలిందా?"

"పరీక్షకి" అన్నాడు థ్రాసోస్ ముక్తసరిగా, టార్చి పట్టుకుని నేల మీద పడుకుంటూ.

స్తెర్యోస్ నాజిల్ పెట్టాడు. పాటలా ఏదో కూనిరాగం తీశాడు కూడా. టక్కుమంది. తీసేశాడు.

"ఇంకా పొయ్యి" అంది పొలిక్సేని.

"టక్కుమంది కదత్తయ్యా."

"అయినా పొయ్యి."

"పంతొమ్మిదేళ్ళుగా టక్కుమన్నాక ఒక్క చుక్క పొయ్యలేదు నేను. మేయరు అడిగినా పొయ్యలేదు. ప్రమాదం."

కింద నుంచి థ్రాసోస్ గొంతు వినపడింది. "మట్టం చాలదు పిన్నీ. ఇంతకి ఏమీ కారదు."

ఐదయింది. పొలిక్సేని రోడ్డు వైపు చూసింది, కారు వైపు చూసింది. ఇక ఆలోచించలేదు. అల్లుడి చేతిలోంచి నాజిల్ లాక్కుని, సన్నధారగా పోసి, ఆపి, వెనక్కి వెళ్ళి తుంటి ఆనించింది. రెండు ఊపులు. ఆగింది. ఇంకో ఊపు. గుడగుడలాడింది. మళ్ళీ పోసింది. మళ్ళీ రెండు, ఆగి, ఒకటి. చెయ్యి దానంతటదే పోయింది, నడుం దానంతటదే కదిలింది.

స్తెర్యోస్ చేతులు వేలాడేసుకుని చూస్తున్నాడు. ఈ ధరకి కొన్న పెట్రోలుని కారు ఊపి మరీ నింపుకున్న మనిషి అతనికి ఆ బంకులో ఇంతవరకు తగల్లేదు. ఆ ఊపు ఎక్కడ నేర్చుకుంటారో ఫ్లోరినాలో ఎవరినడిగినా చెప్తారు. అతని మొహంలో వెలుగు మెల్లిగా పోయింది. ఆవిడ తలెత్తలేదు. పెట్రోలు మూతిదాకా మెరిసింది. మూత బిగించింది.

ఇంజను వెయ్యకుండా ముగ్గురూ కలిసి కారుని పంపులకి దూరంగా, ఎండలోకి నెట్టారు. థ్రాసోస్ మళ్ళీ పడుకున్నాడు. ఐదు నిమిషాలు. పది. గొట్టం కావాలి దేవుడా, అతుకు కాకూడదు. గొట్టం, గొట్టం, గొట్టం.

టప్. టప్ టప్.

"దొరికింది!" థ్రాసోస్ కింద నుంచే కేకేశాడు. "గొట్టమే పిన్నీ! గాలి గొట్టం! ఎండి, బీటలు తీసి, చచ్చిపోయింది. అతుకు గుండ్రాయిలా ఉంది!"

పొలిక్సేని గట్టిగా ఏడ్చేసింది. సంతోషంతోనే. స్తెర్యోస్ ఇసక బక్కెట్టు తెచ్చి కారిన చోట నిదానంగా చల్లాడు. థ్రాసోస్ ట్యాంకులోంచి కాస్త పెట్రోలు డబ్బాలోకి తోడేసి, కొత్త గొట్టం వెతుక్కోవడానికి షెడ్డులోకి పోయాడు. ఇక ఇద్దరే మిగిలారు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు స్తెర్యోస్, ఇసక చూస్తూ.

"నాలుగేళ్ళు."

"మరి దీపం నూనె?"

"మిరపకాయల్లో పోశాను నాయనా."

స్తెర్యోస్ ఇంకో గుప్పెడు ఇసక చల్లాడు. "అందరూ హారన్ కొట్టుకుంటూ పోతుంటే" అన్నాడు, "కాఫీ దుకాణంలో నేనొక్క మాట చెప్పుకునేవాణ్ణి. ఎవరెళ్తే నాకేంరా, మా అత్తయ్య మాత్రం వెళ్ళదు అని. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వేవాళ్ళు. ఎందుకో అర్థమయ్యేది కాదు. అక్కడ మీ పక్కనే కారు ఊపుకునేవాళ్ళే కదా వాళ్ళంతా."

పొలిక్సేనికి ఎన్నో జవాబులు వచ్చు. జీవితమంతా జవాబుల మీదే బతికింది. ఆ పూట ఒక్కటీ రాలేదు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. తను మిగుల్చుకున్న ప్రతి రెండు లీటర్లకీ ఈ పిచ్చివాడు నలుగురిలో నవ్వులపాలయ్యాడు.

ఆరింటికి ఆంథూలా దిగింది. థ్రాసోస్ గొట్టం బిగించి, కాగితం మీద సంతకం పెట్టి సిద్ధంగా ఉన్నాడు. ఆమె చదివింది. "గాలి గొట్టం పగిలింది, మార్చాను. సరే. ‘ట్యాంకు పరిమితికి మించి నింపడం వల్ల కారింది.’ ఎవరు నింపారు మించి?"

థ్రాసోస్ చెవి మీది సిగరెట్టు సర్దుకున్నాడు. పొలిక్సేని నోరు తెరిచేలోపే స్తెర్యోస్ అన్నాడు: "నేనే. సోమవారాలు. ఏదో పెద్దావిడ కదా అని రెండు చుక్కలు ఎక్కువ పోసేవాణ్ణి."

"నువ్వా?" ఆంథూలా తెల్లబోయింది. ఇక అందుకుంది. "టక్కుమన్నాక చుక్క పొయ్యను అని ఊరంతా చాటుకుంటావు కదా! పెళ్ళానికి కూడా పొయ్యవు కదా! ఆ బుద్ధి ఏమైంది? నిప్పురవ్వ పడుంటే? మా అమ్మంటే నీకు ఆపాటి లక్ష్యం కూడా లేదా?"

స్తెర్యోస్ తల దించుకుని నిలబడ్డాడు.

నిజం చెప్పుకోవాలంటే, మొదటి అర నిమిషం పొలిక్సేని ఊరుకుంది. గండం గడిచింది, కాగితం వచ్చింది, కారు దక్కింది, అల్లుడు తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. నోరు మూసుకుంటే పోలా? కానీ ఆ చివరి మాట విన్నాక మూసుకోలేకపోయింది.

"ఆపవే! అతన్నేమీ అనకు. పోసింది నేను. బితోలాలో. నాలుగేళ్ళుగా. ఊపి మరీ పోయించుకున్నాను. మఠం లేదు, దీపం లేదు, అన్నీ అబద్ధాలు."

"ఎండ తగిలింది ఆవిడకి, లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళివ్వు" అన్నాడు స్తెర్యోస్ కంగారుగా.

"నాకే ఎండా తగల్లేదు. నాకు బుద్ధి తక్కువ, అంతే."

ఆంథూలా తల్లి వైపు తిరిగింది. తర్వాత చెయ్యి చాపింది. "తాళాలు."

"గొట్టం మార్చేశాడు కదే!"

"గొట్టాన్ని నమ్ముతాను. నిన్నెలా నమ్మను? నాలుగేళ్ళు అబద్ధమాడినదానివి, వచ్చే గురువారం మళ్ళీ ఊపవని పూచీ ఎవరు?"

ఏ తాళాల కోసం మెకానిక్కుతో, సొంత కూతురితో అబద్ధాలాడిందో, వాటిని పొలిక్సేని జేబులోంచి తీసి కూతురి చేతిలో పెట్టింది. ఏడవకూడదనుకుంది గానీ కళ్ళు వినలేదు.

స్తెర్యోస్ ముందుకొచ్చి పెళ్ళాం చేతిలోంచి ఆ తాళాలు తీసుకున్నాడు. "పూచీ నేను" అన్నాడు.

"నువ్వా? నిన్ను ఊరందరి ముందూ వెర్రివాణ్ణి చేసినా?"

"వెర్రివాణ్ణి చేసింది నన్నేగా. నేను పూచీ ఉంటానంటే నీకేంటి?" అత్తగారి అరచెయ్యి పట్టుకుని తాళాలు అందులో పెట్టి, వేళ్ళు మూశాడు. "చూడండత్తయ్యా. వాళ్ళు అమ్మే ధరకి నాకు కొనడమే కుదరదు, ఇక నేనేం తగ్గించి అమ్మను? బితోలాకి వెళ్ళకండి అని నేను అనను. వెళ్ళండి. కానీ టక్కుమనగానే ఆపండి. ఎవరి పెట్రోలైనా, లోపల కూర్చునేది మీరే కదా."

"అలాగే నాయనా" అంది పొలిక్సేని. పక్కనే ఉన్న థ్రాసోస్ తెల్లబోయి చూశాడు. ఆవిడ ఎవరితోనైనా ఎదురు మాట లేకుండా "అలాగే" అనడం అతను వినడం అదే మొదటిసారి.